పనిలేక చెడు యంత్రము
(ఇంటి ప్రింటరును గూర్చి కొన్ని మాటలు)

మన యిండ్లలోని వస్తువులు సాధారణముగా వాడుకచే నరుగును. చీపురు అరుగును, కవ్వము అరుగును, రోలు నున్నబడును. సిరాను చిమ్మి యచ్చొత్తెడి ప్రింటరు మాత్రము వాడుటచే గాక వాడకుండుటచే చెడును. ఈ యొక్క సంగతి తెలియక 2021వ సంవత్సరము చివర మే మొక మంచి యంత్రమును చేజేతుల పాడుచేసికొంటిమి. తెలిసిన పిదప, పాత సామానువాని బండి నెక్కబోవుచున్న మఱియొక దానిని నిలుపుకొనగలిగితిమి. ఆ రెండు ముచ్చటలును ఇచట వ్రాయుచున్నాము.

2020లో కరోనా మహమ్మారిచే బడులు మూతపడి పాఠములు ఇంటికే వచ్చినప్పుడు, మధురవాడలో మా వీధిని నాలుగైదిండ్లవారు ప్రింటర్లు కొనిరి. అందు మాదియు నొకటి. బడులు తెరచిన తరువాత దానిపై నొక గుడ్డ కప్పి, గుడ్డమీద పూలకుండీ నుంచి, మఱచితిమి. కొన్ని నెలలకు ప్రశ్నపత్ర మొకటి కావలసి గుడ్డ తీయగా, అక్షరములు సగము వచ్చెను, సగము రాలేదు. కంప్యూటరు తెరపై ‘హెడ్ క్లీనింగ్’ అను నాజ్ఞ కనబడెను. శుభ్రపఱచుట మంచిదే కదా యని నొక్కితిమి. రాలేదు. మరల నొక్కితిమి. ఆ మధ్యాహ్న మెనిమిది మారులు నొక్కియుందుము. సాయంకాలమునకు సిరా యడుగంటెను, అక్షరము రాలేదు, పిదప యంత్రమే యెఱ్ఱదీపము వెలిగించి కదలనని కూర్చుండెను. కారణము తరువాత తెలిసినది. ఆ యాజ్ఞ నిచ్చిన ప్రతిమారును ప్రింటరు తన రంధ్రములనుండి సిరాను బలవంతముగా లాగి, అడుగున నున్న యొక దూదిమెత్తలోనికి విడుచును. అనగా మేము శుభ్రపఱచుచున్నా మనుకొని సిరాను పాఱబోయుచుంటిమి. మెత్త నిండినదని లెక్కకు రాగానే, సిరా పొంగి బయటికి రాకుండుటకై యంత్రము తనంతట నిలిచిపోవును.

దీని లోపలి పని తెలిసికొన్నచో భయము పోవును. ప్రింటరులో అటునిటు పరుగెత్తు ముక్కకు హెడ్డని పేరు. దాని యడుగున వెండ్రుకకంటెను సన్నని రంధ్రములు వందలకొలది యుండును. ఒక లీటరును లక్షకోట్ల భాగములు చేసినచో, అట్టి భాగములు కొలదిగా మాత్రమే యొక్కొక్క చుక్కలో నుండును. చుక్కను చిమ్ముటకు రెండు మార్గములు కలవు. 1977లో జపానునందు కెనన్ సంస్థలో ఇచిరో ఎండో యను పరిశోధకుని పనిబల్లపై, టంకము వేయు కాగిన కడ్డీ పొరబాటున సిరా నిండిన సూదికి తగిలెను. సూదికొననుండి సిరా చివ్వున చిమ్మెను. వేడికి బుడగ పుట్టి సిరాను నెట్టుట యను మార్గ మాలాగున దొరికినది. హ్యూలెట్ ప్యాకార్డువారు ఇట్టి మార్గముననే 1984లో థింక్‌జెట్ అను యంత్రమును విక్రయమునకు దెచ్చిరి. రెండవదానిలో వేడి లేదు. విద్యుత్తు తగిలినంతనే యించుక వంగు స్ఫటికము సిరాను నొక్కును. ఎప్సన్ యంత్రములు ఈ జాతివి. స్ఫటికములకు గల యీ గుణమును 1881లో ప్రయోగముచే నిరూపించినవారు జాక్ క్యూరీ, పియేరు క్యూరీ యను నన్నదమ్ములు. ఈ పియేరే తరువాత మేరీ క్యూరీకి భర్త యైనవాడు.

మార్గ మేదైనను రోగ మొక్కటియే. సిరాలోని నీ రావిరియై, రంగు గట్టిపడి రంధ్రమును మూయును. రాజమహేంద్రవరమున కోసూరి వెంకటరత్నముగారు స్వదేశీ సిరాకలములు చేయించిన కాలమునుండియు మన పెద్దలకు తెలిసినదే: వ్రాయక పెట్టిన కలము పాళీ యెండును, మూత పెట్టని కలము మఱింత త్వరగా నెండును. ప్రింటరునకును మూత కలదు. పని ముగిసి, ప్రింటరుమీద నున్న మీట నొక్కి యార్పినప్పుడు, హెడ్డు కుడిప్రక్కకో యెడమప్రక్కకో తన గూటికి పోయి, రబ్బరుమూతపై కూర్చుండును. మనము తొందరపడి గోడమీది స్విచ్చి నార్పితిమా, అది దారి మధ్యనే నోరు తెఱచుకొని నిలిచిపోవును. కరెంటు పోయినప్పుడును అట్లే జరుగవచ్చును గనుక, కరెంటు వచ్చిన వెంటనే యొకమారు వెలిగించి, మరల దాని మీటతోనే యార్పవలయును. పిల్లలకు ముందుగా నేర్పవలసిన దిదియే.

ఇక రెండవ ముచ్చట. మా ప్రక్కయింటి పిన్నిగారు తమ ప్రింటరుతో పుటకు మూడు రూపాయల చొప్పున దరఖాస్తులు, పిల్లల పాఠపు కాగితములు తీసి యిచ్చుచు, పచారీ ఖర్చు దానితోనే నడపుకొనుచుందురు. వారి కూతురు పురిటికి శ్రీకాకుళము వెళ్లి, బాలెంతకు మూడవ నెల వెళ్లినదాక అచటనే యుండి వచ్చిరి. వచ్చి చూడగా నలుపు రంగొక్క గీతయైనను పడలేదు. బాగుచేయువా డొకడు వచ్చి చూచి, హెడ్డు పోయినదనియు, క్రొత్తది వేయుటకు యంత్రపు వెలలో సగమునకు మించి యగుననియు జెప్పెను. పిన్నిగారు మా గడపలో కూర్చుండి, “పాత సామానువాడికి ఇచ్చేస్తానమ్మా, ఇంక నా వల్ల కాదు” అనిరి. “రెండు రోజులు ఆగండి పిన్నిగారూ” అని మేమంటిమి. మాట యిచ్చితిమే కాని, మా యంత్రము గతి తలచుకొని ఆ రాత్రి మాకు సరిగా నిద్ర పట్టలేదు.

మొదట సిరాట్యాంకులను చూచితిమి. నలుపు క్రిందిగీతకు దిగువన నుండెను. ట్యాంకులో సిరా తక్కువగా నున్నప్పుడు శుభ్రపఱచినచో గొట్టములలోనికి గాలి చేరును. కావున ఆ యంత్రమునకు దగిన సిరానే తెప్పించి నింపితిమి. తరువాత ‘నాజిల్ చెక్’ అను పరీక్షకాగితము తీసితిమి. ఇది వైద్యుడు నాడి చూచుట వంటిది; దీనికి సిరా యెంతయో పట్టదు. నాలుగు రంగుల గీతలును తెగకుండ వచ్చినచో హెడ్డునందు దోషము లేదు; గీతలు తెగినచోట రంధ్రములు మూసికొన్నవని యర్థము. పిన్నిగారి కాగితమున నలుపు పూర్తిగా లేదు, పసుపున రెండుచోట్ల తెగినది. ఒకమారు శుభ్రపఱచి పరీక్షించితిమి; రెండవమారు శుభ్రపఱచి పరీక్షించితిమి. పసుపు బాగుపడెను. నలుపు నాలుగైదు ముక్కలుగా తలచూపెను. అంతట మూడవమారు నొక్కక, మీటతో నార్పి, పన్నెండు గంటలు విడిచిపెట్టితిమి. ఊరక యుంచుటయు నిచట చికిత్సయే. రంధ్రముల దగ్గరకు వచ్చిన తడి సిరా గట్టిపడినదానిని మెల్లగా నానబెట్టును. పిన్నిగారు మాత్రము రాత్రి రెండుమారులు వచ్చి, “ఇప్పుడు నొక్కుదామా?” అని యడిగిరి. మఱునా డుదయము మూడువంతుల గీతలు వచ్చెను. మరల నొక్కమారు శుభ్రపఱచి, మరల నొక రాత్రి విడిచితిమి. మూడవనాడు తెగిన గీత యొక్కటియు లేదు. ఖర్చు ఒక సీసా సిరా.

సూదిమందు గొట్టముతో హెడ్డులోనికి ఏవేవో ద్రవములు ఎక్కించువారు కలరు. మేమది చేయలేదు, చేయుమని చెప్పము. కాని, మార్చెడి కాట్రిడ్జికే హెడ్డు అంటియుండు రకములో నొక సులువు కలదు: కాట్రిడ్జిని బయటికి తీసి, గోరువెచ్చని డిస్టిల్డు వాటరుతో తడిపిన నూలు రాలని గుడ్డపై రంధ్రముల వైపు క్షణకాల మానించినచో గట్టిపడిన సిరా దిగును. రాగిరంగు బిళ్లలను చేతితో తాకరాదు. అప్పటికిని రాకున్న క్రొత్త కాట్రిడ్జితో క్రొత్త హెడ్డే వచ్చును.

కాగితపు బాధలు మా యూరివారికి మఱి యెక్కువ. ఋషికొండ సముద్రతీరము దాపుననే యుండుటచే గాలిలో తేమ మెండు. విప్పి పెట్టిన కాగితపు కట్ట నెమ్ము పట్టి, అంచులు మెలిదిరిగి, రెండేసి యతుకుకొని పోవును. చాలినన్ని మాత్రమే ట్రేలో నుంచి, తక్కినవానిని వచ్చిన కవరులోనే చుట్టి బీరువాలో పెట్టుడు. పెట్టుటకు ముందు విసనకఱ్ఱవలె విదిలింపుడు. కాగితము చిక్కుకొన్నచో ఆర్పి, ప్లగ్గు తీసి, రెండు చేతులతో అది పోవు దిక్కునకే మెల్లగా లాగవలయును. చినిగిన ముక్క లోపల మిగిలినచో మరల మరల చిక్కును. వెనుకవైపు ట్రే గల యంత్రములలో పిల్లలు జాఱవిడుచు వస్తువు లొక వింత. మా యింట పెన్సిలు ముక్క, పిన్నిగారింట జడపిన్ను దొరకినవి. కాగితమును లాగు రబ్బరుచక్రము దుమ్ముపట్టి జాఱుచున్నచో తడిగుడ్డతో తుడిచి యారనిచ్చిన చాలును. లోపల నడ్డముగా సన్నని పారదర్శకపు పట్టీ యొకటి సాగియుండును. హెడ్డు తానెచట నున్నదో దానిని చూచియే తెలిసికొనును గనుక దానికి నూనెచేయి తగులనీయరాదు.

అక్షరములు చక్కగా నుండి నిలువుగీతలు మాత్రము జంటలుగా వచ్చినచో అది మూసికొనుట కాదు, హెడ్డు వరుస తప్పుట. ‘అలైన్‌మెంట్’ అను నాజ్ఞతో సరియగును. ఏమియు రాక కంప్యూటరు మౌనముగా నున్నచో, చాలమారులు దోషము ప్రింటరుది కాదు. పాత పని యొకటి వరుసలో నిలిచిపోయి వెనుకవానిని ఆపుచుండును; దానిని తీసివేయవలయును. వైఫై సంకేతపదము మార్చి ప్రింటరునకు చెప్పకుండుటయు సాధారణమే.

ఇప్పుడు పిన్నిగారింట ప్రతి శుక్రవారమును, గిరాకి యున్నను లేకున్నను, నలుపు, నీలము, గులాబి, పసుపు రంగులు నాలుగును గల ముగ్గొకటి యచ్చగుచుండును. మొన్నటి ముగ్గున ఒకమూల చుక్కలు తప్పుట చూచి, మరల రంధ్రములు మూసికొన్నవేమోయని మేము కంగారుపడితిమి. పిన్నిగారు కాగితము నటునిటు త్రిప్పి చూచి, “తప్పింది నా లెక్కమ్మా, యంత్రం కాదు” అని నవ్విరి.