ఆ నీలం డ్రమ్ము మనకొద్దు వదినె!

"వదినె, జర బయటికి రా! మావోడు ఏం తెచ్చిండో చూడు!"

వెలిమెలలో మా పక్కింటావిడ కేకేస్తే స్టవ్ కట్టేసి వెళ్లాను. వాకిట్లో ఓ నీలం ప్లాస్టిక్ డ్రమ్ము. పక్కనే ఎనిమిదో తరగతి చదివే వాళ్లబ్బాయి గర్వంగా నిలబడ్డాడు. ముగ్గురు స్నేహితులు సైకిళ్లేసుకుని పటాన్‌చెరు వైపు వెళ్లి, మూతపడ్డ ఓ ఫ్యాక్టరీ గోడ దూకారట. లోపల తుప్పుపట్టిన బాయిలరు, కూలిన రేకులు, పావురాల గుంపులు. అన్నీ ఫోన్లో వీడియో తీశారట.

"బజార్ల కొంటే మస్తు పైసలైతయి. సబ్బుతోని రుద్ది కడిగితే నల్లా నీళ్లు పట్టుకోవచ్చు" అందావిడ. రోజు విడిచి రోజు నల్లా వచ్చే ఇంట్లో డ్రమ్ము అంటే ఎంత ఆశో మనకు తెలియనిదా? నేనూ మూత తీశాను. ఘాటు ముక్కుకు కొట్టింది. అలా వాసన చూడ్డం కూడా పొరపాటేనని తర్వాత తెలిసింది.

"ఇది మనకొద్దు వదినె" అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది.

పటాన్‌చెరు పారిశ్రామికవాడ 1970లలో వచ్చింది. తర్వాత బొల్లారం, పాశమైలారం దాకా మందులు, రసాయనాలు, రంగుల ఫ్యాక్టరీలు వెలిశాయి. ఎన్నో ఇళ్లల్లో పొయ్యి వెలిగింది, నిజమే. కానీ వ్యర్థాలు నక్కవాగులో కలిసి పొలాలు పాడయ్యాయి. 1990లో కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం పెట్టారు. అయినా, ఆ కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు వెల్లడించారు. శుద్ధి చేసిన నీళ్ల సంగతే ఇదైతే, మూసేసిన ఫ్యాక్టరీలో ఏ పీపాలో ఏముందో చెప్పేదెవరు?

పాడుబడ్డ చోట దొరికిన వస్తువు ఎంత పని చేస్తుందో బ్రెజిల్‌లోని గోయానియా ఊరు చూసింది. 1987 సెప్టెంబరులో ఇద్దరు మనుషులు ఖాళీ చేసిన ఓ ఆస్పత్రి భవనంలోంచి క్యాన్సర్ చికిత్స యంత్రం భాగాన్ని పట్టుకెళ్లి పాత ఇనుప సామాన్ల కొట్టుకు అమ్మారు. అందులో చీకట్లో నీలంగా మెరిసే పొడి ఉంది. అది రేడియోధార్మిక సీజియం. వింతగా ఉందని చుట్టాలకూ స్నేహితులకూ పంచారు. ఇంట్లో ఒక్కొక్కరే జబ్బుపడుతుంటే అనుమానించింది ఎవరో తెలుసా? కొట్టు యజమాని భార్య. ఆ సామానును సంచిలో వేయించి బస్సులో ఆరోగ్య అధికారుల దగ్గరికి చేర్చింది. అప్పుడే విషయం బయటపడింది. పాపం, ఆమె, భర్త సోదరుడి ఆరేళ్ల కూతురు, కొట్టులో పనివాళ్లు ఇద్దరు, మొత్తం నలుగురు చనిపోయారు. ఆమె ఊరుకుని ఉంటే ఇంకెందరు పోయేవారో!

అందుకే ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి:

* రసాయనాలు పోసిన డ్రమ్ములో నీళ్లు, బియ్యం, పప్పులు పోయకండి. ప్లాస్టిక్ ఆ మందును పీల్చుకుంటుంది. ఎన్నిసార్లు కడిగినా పూర్తిగా పోదు.

* పాత ట్యాంకుల్లో, సంపుల్లో గాలి ఆడక, విషవాయువు నిండి మనిషి క్షణాల్లో పడిపోవచ్చు. కాపాడదామని వెంటనే దిగితే రెండో ప్రాణమూ పోతుంది. ఫైర్ సర్వీసును పిలవండి.

* పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. పగలగొడితే వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. వాటి మీద కాలు పెడితే విరిగి కింద పడతారు.

* నీళ్లు నిండిన రాతి క్వారీ చెరువులా కనిపించినా ఒడ్డు దగ్గరే నిలువు లోతు ఉంటుంది. ఈతకు పంపకండి.

ఇలాంటి ఖాళీ డ్రమ్ములను 2016 నిబంధనలు ప్రమాదకర వ్యర్థాల్లోనే చేర్చాయి. వాగులో పారేయడం, పాత సామాన్ల వాడికి అమ్మడం రెండూ తప్పే. కాలుష్య నియంత్రణ మండలికి చెప్పాలి. మేమూ అలాగే చెప్పి, వాళ్లొచ్చి తీసుకెళ్లేదాకా పిల్లలు ముట్టకుండా డ్రమ్మును గోడ పక్కన ఉంచాం.

అబ్బాయిని వాళ్లమ్మ కొట్టలేదు. చేతులు సబ్బుతో కడిగించి, బట్టలు విడిగా ఉతికి, కూర్చోబెట్టి అన్నీ అడిగింది. కొడితే రేపు చెప్పకుండా వెళ్తారు కదండీ! యంత్రాలంటే పిల్లలకు ఉబలాటం ఉండటం తప్పు కాదు. ఆదివారం వాణ్ని హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంకు తీసుకెళ్లారు.

నెలాఖరుకు చిట్టీ డబ్బులొచ్చాయి. ఆవిడ కొత్త డ్రమ్ము కొనుక్కుని నన్ను మళ్లీ పిలిచింది.

"మూత తీసి చూడు వదినె, ఈసారి ఏ వాసనా లేదు!"