బొమ్మతో పాటు పేరూ వెళ్లాలి

మన హాస్టల్లో బొమ్మలు వేసేవాళ్లకు ఎప్పుడూ గిరాకీయే. ఏప్రిల్ 14 దగ్గర పడితే అంబేద్కర్ గారి చిత్రం, సైన్సు ఎగ్జిబిషన్ అంటే చార్టులు, వార్షికోత్సవం అంటే స్టేజీ వెనక తెర. అన్నీ వాళ్లే వేయాలి. కింద పేరు రాసుకోమని మాత్రం ఎవరూ అనరు. మేమూ అలా వేసినవాళ్లమే. ట్రంకుపెట్టెలో పుస్తకాల కింద రంగుల డబ్బీ దాచుకుని, స్టడీ అవర్లో లెక్కల నోటు చివరి పేజీల్లో గోదావరి వంతెన గీసినవాళ్లమే.

కొన్నేళ్ల కిందట మాలో ఒకరు పర్ణశాల దగ్గర గోదావరి ఒడ్డున కూర్చుని నూనె రంగులతో ఒక దృశ్యం వేశారు. ఆరడానికే వారం పట్టింది. ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడితే అందరూ మెచ్చుకున్నారు. నెల తిరక్కుండానే అదే బొమ్మ ఒక ఫంక్షన్ ఫ్లెక్సీ మీద కనిపించింది. మూలన ఉన్న సంతకం మాత్రం లేదు, కత్తిరించేశారు. మన బొమ్మ అంత పెద్దగా కనిపించినందుకు సంతోషించాలో, పేరు పోయినందుకు బాధపడాలో మాకు తెలియలేదు.

ఈ వ్యాసం ఆ రోజు మొదలైన ఆలోచనే. ప్రకృతి దృశ్యాన్ని నూనె రంగుల్లో ఎలా వేస్తారు, ఇంటర్నెట్ ద్వారా నలుగురికీ ఎలా చూపాలి, అందులో మన పేరు ఎలా నిలుపుకోవాలి అన్న మూడు సంగతులు తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ చెప్పాలనుకున్నాం.

మనకంటే ముందు నడిచినవారు

మన గోదావరి భద్రాచలం దాటి, పాపికొండల మధ్య నుంచి వెళ్లి రాజమండ్రి చేరుతుంది. ఆ రాజమండ్రిలో 1897లో దామెర్ల రామారావు గారు పుట్టారు. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దొర స్వయంగా చిత్రకారుడు. ఆయన రామారావు గారి ప్రతిభను గుర్తించి ప్రోత్సహించారు. రామారావు గారు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకుని, సొంత ఊరికి తిరిగి వచ్చి, చిత్రకళాశాల పెట్టి పదిమందికి నేర్పారు. గోదావరినీ తూర్పు కనుమలనూ చిత్రించారు. 1925లో మశూచి సోకి, 28 ఏళ్లు నిండకుండానే కన్నుమూశారు. ఆయన చిత్రాలు ఈనాటికీ రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న ఆర్ట్ గ్యాలరీలో ఉన్నాయి. బొమ్మలూ పేరూ ఒకే చోట నిలిచాయి.

రెండో ఉదాహరణ మనకు ఇంకా దగ్గరిది. కొండపల్లి శేషగిరిరావు గారు 1924లో పాత వరంగల్ జిల్లా పెనుగొండలో పుట్టారు. హైదరాబాదులోనూ, తర్వాత శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ గారి దగ్గరా నేర్చుకున్నారు. హైదరాబాదు చుట్టూ ఉన్న రాళ్ల గుట్టలను ఎంతో ప్రేమగా చిత్రించారు. 2012లో మరణించారు. 1975లో హైదరాబాదులో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభల కోసం తెలుగు తల్లి చిత్రం వేసింది ఆయనే. ఆ బొమ్మ చూసినవారిలో ఎంతమంది దాన్ని వేసినవారి పేరు చెప్పగలరు? మమ్మల్ని అడిగినా చదువుకునే రోజుల్లో చెప్పలేకపోయేవాళ్లం.

నూనె రంగుల పని ఇలా ఉంటుంది

పోస్టరు రంగులు నీళ్లతో కలుస్తాయి, నిమిషాల్లో ఆరిపోతాయి. నూనె రంగుల్లో పొడి రంగును అవిసె నూనెతో నూరుతారు. ఈ నూనె నీళ్లలా ఆవిరి కాదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. అందుకే ఆరడానికి రోజులు పడుతుంది. ఆ ఆలస్యమే మనకు లాభం. ఆకాశం రంగును కొండ రంగులోకి మెత్తగా కలపవచ్చు, నచ్చకపోతే గీకేసి మళ్లీ వేయవచ్చు.

చెక్క ఫ్రేముకు బిగించిన గుడ్డ మీద ముందుగా తెల్లటి ప్రైమర్ పూయాలి. అది లేకపోతే నూనె గుడ్డలోకి ఇంకి, కాలక్రమంలో దాన్ని పాడుచేస్తుంది. మొదటి పూత టర్పెంటైన్ కలిపి పలచగా వేయాలి. పైపైకి వెళ్లేకొద్దీ నూనె పాలు పెంచాలి. కింది పొర ఆరకముందే పైపొర గట్టిపడితే బొమ్మ పగుళ్లిస్తుంది.

దూరపు కొండలు నీలంగా ఎందుకు కనిపిస్తాయి? మనకూ కొండకూ మధ్య ఉన్న గాలి నీలి కాంతిని ఎక్కువగా చెదరగొడుతుంది. కాబట్టి దూరపు వరుసను పలచటి నీలంతోనూ, దగ్గరి గట్టును ముదురు రంగులతోనూ వేస్తే లోతు దానంతటదే వస్తుంది. అడవి కదా అని ట్యూబులోని పచ్చరంగు నేరుగా పూయకండి. పసుపు, నీలం కలిపి చిటికెడు ఎరుపు చేర్చితే మన అడవి పచ్చ వస్తుంది. అసలు మన అడవి ఏడాది పొడవునా పచ్చగా ఉండదు. ఫాల్గుణంలో మోదుగ ఎర్రగా పూస్తుంది. ఎండాకాలంలో టేకు మోడై నిలబడుతుంది. ఇప్ప చెట్టు లేత ఆకు రాగి రంగులో ఉంటుంది. ఇవి మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన రంగులు. పట్నం నుంచి వచ్చినవారు వీటిని కొత్తగా చూసి నేర్చుకోవాలి.

వెలుగు ఒకచోట నిలవదు. రెండు గంటల్లో నీడలన్నీ మారిపోతాయి. అందుకని ముందు చిన్న స్కెచ్ గీసుకుని, మర్నాడు అదే వేళకు అదే చోటికి వెళ్లాలి. ఆరుబయట నూనె రంగులతో పనిచేయడం సులువైంది 1841 తర్వాత. ఆ ఏడాది జాన్ రాండ్ అనే అమెరికా చిత్రకారుడు రంగులు నింపే మెత్తటి లోహపు ట్యూబును కనిపెట్టాడు.

ఒక జాగ్రత్త. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. బయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలి. టర్పెంటైన్ వాసన తలనొప్పి తెస్తుంది. మనం పడుకునే గదిలో ఈ పని వద్దు.

నలుగురికీ చూపించడం

బొమ్మను ఇంటింటికీ చేర్చాలన్న ఆలోచన ఇంటర్నెట్‌తో పుట్టలేదు. రాజా రవివర్మ గారు 1894లో బొంబాయిలో లితో ప్రెస్సు పెట్టారు. అంతవరకు సంస్థానాల గోడల మీద ఉన్న లక్ష్మీ సరస్వతులు తక్కువ ధర ప్రింట్లుగా మామూలు ఇళ్ల పూజ గదుల్లోకి వచ్చారు. ఆనాడు ప్రెస్సు చేసిన పనిని ఈనాడు మన చేతిలోని ఫోను చేస్తోంది. ప్రెస్సు పెట్టడానికి చాలా పెట్టుబడి కావాలి. ఫోనుకు కావలసింది కొంచెం ఓపిక.

బొమ్మను ఎండలో పెట్టి ఫోటో తీయకండి, నూనె రంగు మెరిసి తెల్ల మచ్చలు పడతాయి. నీడపట్టున, ఫ్లాష్ లేకుండా, ఫోనును బొమ్మకు సమాంతరంగా పట్టుకుని తీయాలి. పక్కన బొమ్మ పేరు, కొలత అంగుళాల్లో, ఏ రంగులు, ఏ ఊరి దృశ్యం, ఏ సంవత్సరం, మీ పేరు రాయాలి. సంతకాన్ని మూలన కాకుండా, కత్తిరిస్తే బొమ్మే చెడిపోయే చోట వేయాలి. ఇది మాకు ఫ్లెక్సీ నేర్పిన పాఠం. బయట పెట్టే ఫోటో చిన్న సైజుది పెట్టి, పెద్దది మన దగ్గరే ఉంచుకోవాలి. పూర్తయిన బొమ్మతో పాటు సగంలో ఉన్న బొమ్మ, గట్టు మీద కూర్చుని వేస్తున్న ఫోటో కూడా పెట్టండి. పని చూసినవారికే దాని విలువ తెలుస్తుంది. ఆ బొమ్మ మీదేననడానికి అవి సాక్ష్యం కూడా.

ధర చెప్పడానికి సిగ్గుపడకండి. చాలామంది చదరపు అంగుళం లెక్కన చెబుతారు. 16కి 20 అంగుళాల బొమ్మ అంటే 320 చదరపు అంగుళాలు. అంగుళానికి 5 రూపాయలు అనుకుంటే 1,600. ఫ్రేము, పంపే ఖర్చు వేరు. రంగులు, గుడ్డ ఖర్చయినా వస్తుందో లేదో ముందే చూసుకుని ఆ రేటు నిర్ణయించుకోవాలి.

మోసగాళ్లు కూడా ఉంటారు. డబ్బు పంపుతున్నాం, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అంటే నమ్మవద్దు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. పొరపాటున ఎక్కువ పంపాం, మిగతాది తిరిగి ఇవ్వండి అని తొందరపెట్టేవారి మాట కూడా అంతే. ముందు బ్యాంకు ఖాతా చూసుకోవాలి.

చట్టం మన పక్షాన ఉంది

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ వేసిన క్షణం నుంచే హక్కు వేసినవారిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఆ హక్కు చిత్రకారుడి జీవితకాలమూ, ఆ తర్వాత 60 ఏళ్లూ ఉంటుంది. బొమ్మ అమ్మినంత మాత్రాన దాన్ని అచ్చువేసుకునే హక్కు పోదు. అందుకు రాతపూర్వకమైన ఒప్పందం కావాలి. అయితే ఎవరో అడిగి, డబ్బిచ్చి వేయించుకున్న బొమ్మ అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు వేయించుకున్నవారికి వెళుతుంది. అందుకని ఆర్డరు తీసుకునేటప్పుడే కాగితం మీద రాసుకోవాలి. హక్కు ఇచ్చేసిన తర్వాత కూడా ఇది నేను వేసిందే అని చెప్పుకునే హక్కు చిత్రకారుడికి మిగిలే ఉంటుంది. ఆనాడు ఈ సంగతి మాకు తెలిస్తే ఫ్లెక్సీ వేసినవారిని పిలిచి మర్యాదగానే అడిగేవాళ్లం.

దీన్ని చదువుగా తీసుకోవాలనుకుంటే హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. ఇంటర్ తర్వాత ప్రవేశ పరీక్ష రాసి అక్కడ పెయింటింగులో డిగ్రీ చేయవచ్చు.

మనమే ఎందుకు వేయాలి?

భద్రాచలం దగ్గర గోదావరి 1986లో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు పెరిగింది. పోలవరం ప్రాజెక్టు కారణంగా 2014లో కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు వంటి మండలాలు పాత ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. మన హాస్టల్లో మన పక్క మంచం మీద పడుకున్నవారిలో కొందరి ఊళ్లు ముంపు జాబితాలో ఉన్నాయి. సెలవులకు వాళ్లు వెళ్లిన రేవు, ఎక్కిన చింతచెట్టు, దాటిన వాగు రేపు అలాగే ఉంటాయని చెప్పలేం. ఫోటో ఆ క్షణాన్ని పట్టుకుంటుంది. పది రోజులు గట్టు మీద కూర్చుని వేసిన బొమ్మలో ఆ చోటుతో మనకున్న చుట్టరికం కూడా ఉంటుంది.

కాబట్టి ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ ఊరి రేవు దగ్గర కూర్చోండి. నూనె రంగులు కొనలేకపోతే పెన్సిలు చాలు. బొమ్మ కింద ఊరి పేరు రాయండి, తేదీ వేయండి, మీ పేరు పెట్టండి. వచ్చే వార్షికోత్సవానికి స్టేజీ వెనక తెర మీరే వేస్తారని మాకు తెలుసు. ఈసారి దాని కింద కూడా మీ పేరు ఉండాలి. వార్డెన్ గారిని అడిగి ఒప్పించే పూచీ మాది.