కంప్యూటరు చూపింది, కారణం మీరు చెప్పండి!

మీకు తోచినట్లు ఒక చతుర్భుజం గీయండి. నాలుగు భుజాల మధ్యబిందువులనూ వరుసగా కలపండి. లోపల ఏర్పడిన పటం ఏమిటి? సమాంతర చతుర్భుజం!

వంకరటింకరగా గీసినా ఇంతేనా? కాగితం మీద ఎన్నని గీస్తాం? ఆస్ట్రియాకు చెందిన మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో రూపొందించడం మొదలుపెట్టిన జియోజీబ్రా అనే సాఫ్ట్‌వేరు ఇక్కడ పనికొస్తుంది. అందులో చతుర్భుజం గీసి, ఒక శీర్షాన్ని మౌసుతో పట్టి లాగండి. బయటి పటం క్షణక్షణం మారిపోతుంది. లోపలిది మాత్రం సమాంతర చతుర్భుజంగానే ఉంటుంది.

అయితే, వంద పటాలు చూసినా అది నిరూపణ కాదు. నూట ఒకటో పటం ఎదురు తిరగదని హామీ ఏది? "ఎందుకు?" అని మీరే ఆలోచించాలి.

చతుర్భుజాన్ని రెండు త్రిభుజాలుగా చీల్చే కర్ణం గీయండి. త్రిభుజంలో రెండు భుజాల మధ్యబిందువులను కలిపే రేఖ మూడవ భుజానికి సమాంతరంగా, అందులో సగం ఉంటుందని చదివారు కదా! రెండు త్రిభుజాలకూ ఆ కర్ణమే మూడవ భుజం. కనుక లోపలి పటంలో రెండు ఎదుటి భుజాలు సమానం, సమాంతరం. ఇంకేం కావాలి? ఫ్రెంచి గణితవేత్త వారిన్యాన్ చేసిన ఈ నిరూపణ 1731లోనే అచ్చయింది.

ఇప్పుడు లోపలి పటం దీర్ఘచతురస్రం కావాలంటే బయటి కర్ణాలు ఎలా ఉండాలి? ముందు ఊహించండి, తరువాత లాగి చూడండి, చివరకు నిరూపించండి!