కొండ చేరువ, బాట దూరము

శాన్ ఫ్రాన్సిస్కో అఖాతము చుట్టునుగల ప్రాంతపు పటమును తొలిసారి విప్పి చూచు మౌంటెన్ బైక్ ప్రియునకు కలుగు ఉత్సాహము ఇంతింత యనరానిది. నీటికి పడమట నొక కొండల వరుస, తూర్పున నింకొక వరుస, నడుమనున్న మైదానమున శాన్ హోసే మొదలు ఓక్లండ్ దాక ఎడతెగని ఊళ్లు. ఏ యూరినుండి బయలుదేఱినను అరగంట ప్రయాణములోపల పటముపై ఆకుపచ్చ రంగు తగులును. ఫ్రీమాంట్, సన్నీవేల్, క్యూపర్టీనో, డబ్లిన్ పట్టణములలో తెలుగు కుటుంబములు విశేషముగా కాపురముండుటచేతను, వారిలో పడుచువారు కొందఱు ఈ క్రొత్త వ్యసనమును పట్టుటచేతను, కొండకు దగ్గఱగా ఇల్లెక్కడ తీసికొందుమను ప్రశ్న ఇప్పుడు మనవారి నోటను వినబడుచున్నది. ప్రశ్న సహజమైనదే కాని అడుగవలసిన తీరు అది కాదు. కొండ ఎంత దగ్గఱయో పటము చెప్పును. ఆ కొండ ఎవరిది, దానిపై సైకిలునకు తెఱచియున్న బాటలేవి, ఏ వేళవఱకు, ఏ ఋతువులో ననునది పటము చెప్పదు. గుడి ప్రక్కనే కాపురమున్నను, మనకు తీరిక దొరకు వేళకెల్ల తలుపులు మూసియుండుచో, దర్శనభాగ్యము పొరుగూరివాని కెంతయో మనకును అంతయే.

ఈ మాటకు ప్రబలమైన నిదర్శనము మౌంటెన్ బైక్ పుట్టిన గడ్డయే. గోల్డెన్ గేట్ వంతెన దాటి ఉత్తరమునకు పోయినచో మెరిన్ కౌంటీ వచ్చును. అందు 2,500 అడుగులకు మించి యెత్తైన టామల్పాయస్ శిఖరమును, దానికి చేరువలో ఫెయిర్‌ఫాక్స్ అను చిన్న యూరును గలవు. 1970ల నాటి పడుచువాండ్రు కొందఱు, తమ తండ్రుల కాలమునాటి లావు టైర్ల ష్విన్ సైకిళ్లను పాతసామానులలోనుండి ఏఱి తెచ్చి, ఆ కొండల మట్టిరోడ్లమీద దిగువకు విడిచిరి. 1976 అక్టోబరు 21వ తేదీన మొదలైన వారి పందెమునకు రీప్యాక్ అని పేరు. సుమారు 2 మైళ్ల దూరములో 1,300 అడుగులు దిగు ఆ దారిలో, పెడలును వెనుకకు త్రొక్కినపుడు పడు పాతకాలపు బ్రేకు ఎంతగా కాగెడిదనగా, వెనుకచక్రపు హబ్బులోని గ్రీజు పొగయై పోయెడిది. అడుగునకు చేరినపిమ్మట హబ్బు విప్పి మరల గ్రీజు కూరినగాని బండి తిరిగి పనికివచ్చెడిది కాదు. మఱుసటి యేట జో బ్రీజ్ అను నతడు ఈ పనికే తగినట్లుగా చట్రమును నిర్మించెను. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ యనువారు టామ్ రిచీ చేసిన చట్రములతో వ్యాపారమునకు దిగిరి. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీవారి స్టంప్‌జంపర్ బజారులోనికి వచ్చుటతో ఒక యూరి కుఱ్ఱవాండ్ర యాట లోకమంతట వ్యాపించెను.

అట్టి మెరిన్‌లో ఇల్లు తీసికొన్నవాని గతి యేమి? టామల్పాయస్ సానువులలో పెద్దభాగము త్రాగునీటి సంస్థవారి పరీవాహకభూమి. అందు సైకిలు త్రొక్కుటకు బహుకాలముగా అనుమతింపబడినవి, మంటలార్పు బండ్లు పోవుటకై కొట్టిన వెడల్పాటి మట్టిరోడ్లు. ఈ విద్యకు ప్రాణమై, ఒక్క చక్రమునకు మాత్రమే చోటిచ్చుచు చెట్లనడుమ మెలికలు తిరుగు సింగిల్ ట్రాక్ బాటలు దాదాపుగా నిషిద్ధములు. రోడ్డుమీదనైనను గంటకు 15 మైళ్ల వేగము మీరరాదు; ఎదుటివారు కానరాని మలుపులలో 5 మైళ్లే. 1980లలో సైకిళ్లు గుంపులుగా కొండలపైకి వచ్చినపుడు, అంతకుముందునుండియు ఆ బాటలలో నడచువారును గుఱ్ఱపురౌతులును కలవరపడిరి. చప్పుడు లేక మలుపులోనుండి మీదికి వచ్చు సైకిలు గుఱ్ఱమును బెదరించుటయు, నానిన బాటను చక్రములు గాడిచేయుటయు నిజమే. బాట అందఱిదనుటయు నిజమే. ఆ వివాదము నేటికిని ఆరలేదు. శాన్ రఫాయెల్ చెంతనున్న చైనా క్యాంప్ ఉద్యానమున సన్నబాటలు సైకిలునకు తెఱచియున్నవి. ఫెయిర్‌ఫాక్స్ మీదనున్న బాయ్ స్కౌట్లవారి టామరాంచోలోనికి అనుమతిచీటి పుచ్చుకొని పోవచ్చును. మౌంటెన్ బైక్ చరిత్ర తెలిసికొనగోరువారు ఫెయిర్‌ఫాక్స్‌లో 2015లో తెఱచిన సైకిళ్ల ప్రదర్శనశాలను తప్పక చూడవలెను. చూచి తిరిగి రావలెను. శాన్ హోసేలో కొలువుండగా అచట కాపురము పెట్టువాడు దినమునకు 120 మైళ్లకు పైగా కారులో గడపి, నిషేధపు పలకలను చదువుకొనుటకు ఇల్లు చేరినవాడగును.

ఇట్లేల జరిగినది? ఈ కొండలకు యజమాని యొక్కడు కాడు. రాష్ట్రోద్యానములు, కౌంటీ ఉద్యానములు, నీటిసంస్థల భూములు, ప్రాంతీయోద్యాన మండలులు, బయళ్లను కాపాడుటకై ప్రజలు పన్నుకట్టి నిలుపుకొన్న ఓపెన్ స్పేస్ మండలులు, ఎవరి చట్టము వారిది. ఒక్కొక్కప్పుడు యజమాని యొక్కడే యైనను నియమము మాఱును. క్యూపర్టీనోలో ఇల్లు వెదకువారు ఈ సంగతి ముఖ్యముగా గుర్తింపవలెను. 1972లో ఏర్పడిన మిడ్‌పెనిన్సులా ఓపెన్ స్పేస్ మండలివారి రాంచో శాన్ ఆంటోనియో ఆ యూరివారికి మిక్కిలి పరిచితమైన కొండ. ఆదివారమునాడు అందు తెలుగుమాట వినబడని మలుపు ఉండదు. అయినను సైకిలు అందు వాడుకకు వచ్చునది చదునైన కొలదిదూరమే. దానికి కొన్ని మైళ్ల దక్షిణమున, ఆ మండలివారిదే యైన ఫ్రీమాంట్ ఓల్డర్ కొండమీద సైకిళ్లు స్వేచ్ఛగా తిరుగును. ప్రక్కనున్న స్టీవెన్స్ క్రీక్ ఉద్యానముతో కలిపి ఒక సాయంకాలమునకు చాలినంత దారి దొరకును. రెండును ఆకుపచ్చగానే యున్నవి, రెండును క్యూపర్టీనోకు దగ్గఱయే. భేదము ద్వారముకడ నాటిన పలకమీద, సైకిలు బొమ్మకు అడ్డముగా ఎఱ్ఱని గీత యుండుటయు లేకుండుటయు మాత్రమే.

ఫ్రీమాంట్ పట్టణపు విషయము వేఱు. అచట మిషన్ పీక్ ఊరిమీదనే నిలిచియున్నది. మిషన్ శాన్ హోసే ప్రాంతపు బడుల కీర్తిచే మనవారు ఆ వీధులలో ఇండ్లకై పోటీపడుదురు. 1934లో వెలసిన ఈస్ట్ బే ప్రాంతీయోద్యాన మండలి దానిని పాలించుచున్నది. ఆ మండలిలో సైకిలునకు సామాన్యముగా వెడల్పాటి రోడ్లే గతి. స్టాన్‌ఫర్డ్ అవెన్యూ ద్వారమునుండి శిఖరము చేరువవఱకు సుమారు 3 మైళ్లలో 2,000 అడుగులు, నీడ యన్నది లేక, గులకరాళ్ల రోడ్డుమీద ఎక్కవలెను. ఎక్కుటకు ఊపిరియు, దిగుటకు బ్రేకులును కావలెను. నడుమ నేర్పునకు పనిలేదు. దేహదార్ఢ్యమునకై త్రొక్కువానికి ఫ్రీమాంట్ దివ్యమైన యూరు. బాట మెలికలలో ఆనందము వెదకువాడు మాత్రము ఆఱునెలలలో విసిగి, సైకిలును కారునకు తగిలించి మఱియొక కొండకు పోవ నారంభించును.

కారునకు తగిలించుటలోనే వచ్చినది చిక్కంతయు. శనివారపు షికారునకు గంట ప్రయాణమైనను బాధలేదు. కాని ఈ విద్య అబ్బునది వారము నడుమ సాయంకాలములలో. మిడ్‌పెనిన్సులా మండలివారి భూములు సూర్యాస్తమయమైన అరగంటకు మూతపడును. కౌంటీ ఉద్యానములు సూర్యాస్తమయమునకే. జూన్ మాసమున ఎనిమిదిన్నరవఱకు వెలుతురుండును గనుక ఆఱింటికి ఆఫీసు విడిచినవానికి రెండుగంటలు చిక్కును. డిసెంబరులో ఐదుగంటలు కాకమునుపే ప్రొద్దు గ్రుంకును. కనుక మార్చి మొదలు అక్టోబరు దాకనున్న సాయంకాలములే మనసొమ్ము; వానిలో నలువది నిమిషములు ఎఱ్ఱదీపములకడ పోగొట్టుకొన్నవానికి మిగులునది మిక్కిలి స్వల్పము. ఇంటిగడప నుండి సైకిలెక్కి, దిగకుండ, పావుగంటలో మట్టిబాట చేరగలిగిన ఇల్లు దొరకినచో, ఒక గది తక్కువైనను దానినే ఎన్నుకొనవలెనని నా అభిప్రాయము.

వానల మాట చెప్పలేదు. ఈ ప్రాంతమున వర్షము నవంబరు మొదలు ఏప్రిలు దాక కురియును, వేసవి పొడి. తూర్పుకొండలలో జిగటమన్ను హెచ్చు. అది తడిసినప్పుడు త్రొక్కినవాడు నూఱు గజములు పోకమునుపే మట్టి టైరునకు పొరలుపొరలుగా పట్టుకొని, చట్రమునకును చక్రమునకును నడుమనున్న సందును నింపి, చక్రమును తిరుగనీయక బిగించివేయును. దిగి పుల్లతో పెళ్లగించి, నాలుగడుగులు త్రోసి, మరల పెళ్లగింపవలసినదే. వాడు విడిచిన గాడి ఎండి, వేసవి యంతయు ఱాయివలె నిలుచును. అందుచేతనే పలుచోట్ల వానవెలిసినపిమ్మట బాటలు మూయుదురు. 87,000 ఎకరముల హెన్రీ కో రాష్ట్రోద్యానమున అరంగుళము వాన పడినచో సన్నబాటలు రెండుదినములు సైకిలునకు మూతపడును. ఇసుకనేలయు, ఱాతినేలయు త్వరగా ఆఱును. ఇల్లు కొనువాడు బావినీటిని గూర్చి విచారించెడి కాలముండెను. సైకిలువాడు కొండమన్ను గూర్చి విచారింపవలెను.

మన్ను మంచిది, బాటలు మంచివి, నీడ చల్లనిది కావలెనన్నచో పడమటి వరుసకు పోవలెను. స్కైలైన్ రోడ్డుమీదనున్న ఎల్ కోర్టే డి మడేరా, ఒకప్పుడు రంపపుమిల్లులు నఱకగా మరల పెరిగిన రెడ్‌వుడ్ అరణ్యము. అందు రెజల్యూషన్ అను బాట, 1953లో అచట కూలిన ఆ పేరి విమానమునకు స్మారకము. పియానో విద్వాంసుడు విలియం కాపెల్ మరణించినది ఆ ప్రమాదముననే. ఇంకను దక్షిణమునకు పోయినచో సాంటా క్రూజ్ కొండలు. సోకెల్ డెమోన్‌స్ట్రేషన్ అరణ్యమున స్వచ్ఛందసేవకుల సాయముతో నిర్మింపబడి 2015లో పూర్తియైన ఫ్లో ట్రైల్ అందు ప్రసిద్ధము: మలుపుల వెలుపలి యంచును ఎత్తుచేసి, మిట్టపల్లములను లెక్కగా అమర్చి, బ్రేకు పట్టకుండ దిగునట్లు కట్టిన బాట యది. సాంటా క్రూజ్‌లో కాపురముండి కొండకీవల పనిచేయువారు లేకపోలేదు. వారు ప్రతిదినము దాటు 17వ నంబరు రహదారి మలుపులును, అందలి ప్రమాదములును, వేసవి ఆదివారములలో సముద్రస్నానమునకు పోవువారి కార్ల వరుసయు తెలిసినవాడు వారిపై అసూయపడడు. ఇక అడవిలోనే కుటీరము కొందుమనువారికి ఒక్కమాట. 2020 ఆగస్టులో పిడుగులవలన పుట్టిన కార్చిచ్చు ఈ కొండలలో 86,000 ఎకరములను, వేయికి పైబడిన కట్టడములను దహించెను. 2023లో స్టేట్ ఫార్మ్ సంస్థ కాలిఫోర్నియాలో క్రొత్తగా ఇండ్లకు బీమా వ్రాయుట మానెను. బేరమాడకముందే బీమా దొరకునో లేదో కనుగొనవలెను.

ఇన్ని చెప్పి, నీవైన ఎక్కడ తీసికొందువని యడిగినచో, దక్షిణ శాన్ హోసేలో సాంటా టెరీసా కొండక్రింద నని చెప్పుదును. వేయి అడుగులు కొంచెము దాటిన ఆ కొండను చూచి ఎవరును మురిసిపోరు. వేసవిలో గడ్డి యెండి బోడిగా నుండును. కాని అది కౌంటీవారిది, అందలి బాటలలో చాలభాగము సైకిలునకు తెఱచియున్నవి, క్రింద ఇండ్లవఱకు దిగివచ్చును. రాకీ రిడ్జ్ అను బాటలో పచ్చనిచాయ గల సర్పెంటైన్ ఱాళ్లు మెట్లుమెట్లుగా పొడుచుకొని వచ్చియుండును. ముందుచక్రము ఏ ఱాతి సందున పెట్టవలెనో రెండు బారల ముందే నిర్ణయించుకొని, బరువు వెనుకకు జరపి, వ్రేలితో బ్రేకును తాకీ తాకనట్లు పట్టినగాని దిగుట సాధ్యముకాదు. అచట నేర్చినవానికి తక్కిన కొండలు సులభములు. దక్షిణమున స్పెషలైజ్డ్ కంపెనీ నెలకొనిన మోర్గన్ హిల్ పట్టణమును, దాని మీదుగా హెన్రీ కో ఉద్యానమును శనివారమునకు దూరము కావు. బడుల పేరు క్యూపర్టీనో అంత మ్రోగదు, నిజమే. అయినను 2001లో బర్క్‌లీ ఉపాధ్యాయుడు మాట్ ఫ్రిట్జింగర్ ప్రారంభించిన ఉన్నత పాఠశాలల మౌంటెన్ బైక్ లీగ్ నేడు ఉత్తర కాలిఫోర్నియా యంతట వ్యాపించియున్నది. పిల్లవాడు తమతో త్రొక్కవలెనని కోరు తండ్రియు తల్లియు ర్యాంకులతోపాటు బడిలో ఆ లీగ్ జట్టు కలదాయని కూడ అడుగవచ్చును. ఇల్లేదైనను గ్యారేజీకి తాళము తప్పనిసరి. అపార్టుమెంటు బాల్కనీలో కట్టిన మంచి సైకిలు చిరకాలము నిలువదు.

అద్దెకాగితముమీద సంతకము చేయకమునుపు, చదువరీ, ఒక్క పని చేయుము. ఆదివారమునాడు కాదు, పనిదినమున ఆఫీసు విడిచిన వేళకు ఆ యింటి గుమ్మమునకు పోయి, అచటినుండి సైకిలెక్కి కొండద్వారము చేరి, గడియారము చూచుకొని, ద్వారముకడ నున్న పలకను మొదటినుండి చివరివఱకు చదువుము. అద్దె బేరము అటుపిమ్మట ఆడవచ్చును.