వెనక చక్రం టిక్ టిక్‌మంటోందా? ఒకసారి వినండి



పిల్లలు సైకిల్ మీద స్కూలుకు బయల్దేరేటప్పుడు మనం బ్రేకులు చూస్తాం, టైర్లలో గాలి చూస్తాం. వెనక చక్రం మధ్యలో ఉండే ఫ్రీవీల్‌నీ, హబ్‌నీ చూసేవాళ్లు మాత్రం తక్కువ. అవి చైను వెనక నల్లగా, మురికి పట్టి ఉంటాయి. పైగా అవి పాడైనా సైకిల్ వెంటనే ఆగిపోదు, నడుస్తూనే ఉంటుంది. చిక్కంతా అక్కడే ఉంది.

మన రావిర్యాల చుట్టుపక్కల పరిస్థితి మీకు తెలుసు. ఔటర్ రింగ్ రోడ్డు మీదకు సైకిళ్లను రానివ్వరు కాబట్టి పిల్లలకు సర్వీసు రోడ్డే దిక్కు. వండర్‌లాకి వెళ్లే బస్సులూ కార్లూ, సామాన్ల లారీలూ వచ్చేది అటే. ఎగ్జిట్ 13 దగ్గర రోడ్డు దాటాలంటే పిల్లలు ఏం చేస్తారు? సీటు మీద నుంచి లేచి, ఒంటి బరువంతా పెడల్ మీద వేసి గట్టిగా తొక్కుతారు. సరిగ్గా ఆ క్షణంలో ఫ్రీవీల్ పట్టు వదిలితే కాలు ఒక్కసారిగా కిందికి జారుతుంది, ఛాతీ హ్యాండిల్‌కి తగులుతుంది, సైకిల్ రోడ్డు మధ్యలో పక్కకు వాలుతుంది. బ్రేకు వేయలేకపోవడం ఎంత ప్రమాదమో, తొక్కినా బండి కదలకపోవడం కూడా అంతే ప్రమాదం.

ఇది ముందే పసిగట్టడానికి మెకానిక్ అయి ఉండక్కర్లేదు. ఐదు నిమిషాల సమయం, ఒక జత చెవులు చాలు.

లోపల ఏముంది?

చైను ఎక్కే పళ్ల చక్రమే ఫ్రీవీల్. అందులో రెండు భాగాలు. బయటి భాగం చైనుతో పాటు తిరుగుతుంది. లోపలి భాగం మరల ద్వారా హబ్‌కి బిగిసి ఉంటుంది. బయటి భాగం లోపలి అంచున ఒకవైపుకి వాలిన చిన్న చిన్న పళ్లు ఉంటాయి. లోపలి భాగం మీద సాధారణంగా రెండు చిన్న ఉక్కు నాలుకలు ఉంటాయి. మెకానిక్‌లు కొందరు వీటిని ‘కుత్తాలు’ అంటారు. సన్నని స్ప్రింగ్ వాటిని ఎప్పుడూ పైకి నెడుతూ ఉంటుంది.

ముందుకు తొక్కితే ఆ నాలుకలు పళ్లకు అడ్డం పడి పట్టుకుంటాయి, చక్రం తిరుగుతుంది. తొక్కడం ఆపితే అవి పళ్ల వాలు మీదుగా జారుతూ పోతాయి. మనకు వినిపించే టిక్ టిక్ శబ్దం అదే. పిల్లవాడి బరువంతా మోసేది గోరంత ఉన్న ఆ ఉక్కు ముక్కలే.

హబ్ అంటే చక్రం నడిమి గుండె. మధ్యలో ఇరుసు, దానికి రెండు వైపులా కోన్‌లు, హబ్ లోపల కప్పులు, ఆ రెండింటి మధ్య గ్రీజులో కూర్చున్న ఉక్కు బాల్స్ ఉంటాయి. మామూలు సైకిల్ వెనక హబ్‌లో ఒక్కో వైపు 9 బాల్స్, ఒక్కోటి పావు అంగుళం. ఎనిమిదో తరగతి ‘ఘర్షణ’ పాఠంలో మీ పిల్లలు చదివే బాల్ బేరింగ్ ఇదే.

ఒకప్పుడు ఇది లేదు

తొలినాటి సైకిళ్లకు ఫ్రీవీల్ ఉండేది కాదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరిగేవి. పల్లంలో దిగేటప్పుడు కాళ్లు ఎత్తి పట్టుకోవాల్సి వచ్చేది. అమెరికాలో విలియం వాన్ ఆండెన్ అనే ఆయన 1869లోనే ఫ్రీవీల్‌కి పేటెంట్ తీసుకున్నా, అది అందరి సైకిళ్లకూ చేరడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది. ఈరోజు గేర్ల సైకిళ్ల మీద మనం చూసే షిమానో కంపెనీ 1921లో జపాన్‌లో మొదలైనప్పుడు తయారు చేసిన మొదటి వస్తువు కూడా ఫ్రీవీలే.

ఐదు నిమిషాల నాలుగు పరీక్షలు

1. తిప్పి వినండి. సైకిల్ స్టాండ్ వేసి, వెనక చక్రం పైకి లేపి, పెడల్ గట్టిగా తిప్పి వదిలేయండి. పెడల్ ఆగిపోవాలి, చక్రం టిక్ టిక్‌మంటూ తిరుగుతూ ఉండాలి. చక్రంతో పాటు పెడల్ కూడా తిరుగుతుంటే, లేదా పైచైను వదులై కిందికి వేలాడుతుంటే, ఫ్రీవీల్ లోపల మురికి గడ్డకట్టిందని అర్థం. అలా వదులైన చైను ఊడి చక్రంలో ఇరుక్కునే ప్రమాదం ఉంది.

2. బ్రేకు పట్టి తొక్కండి. సైకిల్ పక్కన నిలబడి వెనక బ్రేకు గట్టిగా పట్టుకుని, పెడల్‌ని కాలితో బలంగా నొక్కండి. పెడల్ రాయిలా నిలబడాలి. టక్కుమని జారితే ఆ సైకిల్‌ని ఆ రోజు స్కూలుకు పంపకండి. బ్రేకు వదిలి, చక్రం కొంచెం తిప్పి, ఐదారు చోట్ల ఇదే పరీక్ష చేయండి. కొన్ని ఫ్రీవీల్‌లు ఒక్కో చోటే పట్టు వదులుతాయి.

3. పక్కకు ఊపండి. రిమ్ముని పట్టుకుని కుడి ఎడమలకు ఊపండి. లటక్ లటక్‌మంటే ముందు ఇరుసు నట్లు బిగిసి ఉన్నాయో లేదో చూడండి. అవి గట్టిగానే ఉన్నా చక్రం ఊగుతుంటే హబ్‌లో కోన్‌లు వదులయ్యాయి. ఫ్రీవీల్ మాత్రమే కొద్దిగా వంకరగా తిరుగుతున్నట్టు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, అది మామూలే.

4. చేత్తో పట్టి చూడండి. చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ రెండో చేయి సీటు కింది ఫ్రేమ్ మీద పెట్టండి. ఇసుక నలిగినట్టు గరగర తెలిస్తే గ్రీజు ఎండిపోయింది, లేదా కోన్‌ల మీద గుంటలు పడ్డాయి.

పెడల్ జారడానికి అరిగిన చైను కూడా కారణం కావచ్చు. స్కేలు పెట్టి కొలవండి. కొత్త చైనులో 24 లంకెలు సరిగ్గా 12 అంగుళాలు ఉంటాయి. అది పన్నెండుంబావు వైపు సాగుతుంటే చైను అయిపోయినట్టే. అప్పుడు చైను, ఫ్రీవీల్ రెండూ కలిపి మార్చడం మంచిది. అరిగిన పళ్ల మీద కొత్త చైను సరిగ్గా కూర్చోదు.

నూనె ఎలా వేయాలి?

సైకిల్‌ని చైను వైపు పైకి ఉండేలా పడుకోబెట్టండి. ఫ్రీవీల్‌లో తిరిగే భాగానికీ, కదలని భాగానికీ మధ్య సన్నని సందు కనిపిస్తుంది. అందులో ఐదారు చుక్కలు కుట్టుమిషన్ నూనె లాంటి పల్చని నూనె వేసి, చక్రాన్ని వెనక్కి ముందుకి తిప్పండి. బయటికి వచ్చిన నల్లటి నూనెను గుడ్డతో తుడిచేయండి. రిమ్ము మీద నూనె పడకూడదు, బ్రేకు పట్టదు. నెలకొకసారి, వానాకాలంలో పదిహేను రోజులకొకసారి ఇలా చేస్తే చాలు.

కొబ్బరినూనె మాత్రం వద్దు. ఇంట్లో చేతికి అందేది అదే కాబట్టి చాలామంది వాడతారు. అది సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. జనవరి పొద్దున మీ బాత్రూమ్‌లో సీసా ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. ఫ్రీవీల్ లోపల కూడా అదే జరిగితే నాలుకలు పైకి లేవవు. గ్రీజు కూరినా అంతే. గ్రీజు హబ్‌కి, పల్చని నూనె ఫ్రీవీల్‌కి. ఈ ఒక్క తేడా గుర్తుంచుకుంటే సగం పని అయినట్టే.

కిరోసిన్ నేరుగా పోయవద్దు, హబ్‌లోని గ్రీజు కూడా కరిగిపోతుంది. బైకులు కడిగే చోట ప్రెషర్ నీళ్లు చక్రం మధ్యలోకి కొట్టనివ్వవద్దు. నీళ్లు లోపలికి పోయి బాల్స్ తుప్పు పడతాయి.

షాపులో ఏమని అడగాలి?

హబ్ విప్పడం, ఫ్రీవీల్ ఊడదీయడం మెకానిక్‌కే వదిలేయండి. తొక్కిన ప్రతిసారీ ఫ్రీవీల్ ఇంకా బిగుసుకుంటుంది. దాన్ని ఊడదీయడానికి ప్రత్యేకమైన పనిముట్టు కావాలి, మామూలు పానాతో రాదు. ఇక ఫ్రీవీల్‌నే విప్పితే లోపలి చిన్న బాల్స్ గదంతా దొర్లుతాయి.

ఇంగ్లీషులో ‘ఓవర్‌హాలింగ్’ అనే మాట మన సైకిల్ షాపుల బోర్డుల మీద ‘ఓవరాయిలింగ్’ అయింది. పేరు విని పైపైన నూనె వేసి ఇస్తే సరిపోతుందనుకోకండి. హబ్ విప్పి, కడిగి, బాల్స్ మార్చి, కొత్త గ్రీజు పెట్టి, కోన్‌లు సరిచేయడమే ఓవరాయిలింగ్. ఏడాదికొకసారి, వానలు తగ్గాక దసరా సెలవుల్లో చేయిస్తే మంచిది. కోన్‌లు సరిగ్గా బిగించారో లేదో తెలియాలంటే మూడో పరీక్ష, నాలుగో పరీక్ష అక్కడే చేసి చూడండి. చక్రం ఊగకూడదు, పట్టేయకూడదు. పెడల్ జారుతుంటే ఫ్రీవీల్ బాగుచేయించడం కంటే మార్పించడమే మేలు.

గేర్ల సైకిల్ అయితే ఒక మాట. కొన్నిటికి ఫ్రీవీల్ బదులు క్యాసెట్ ఉంటుంది. అందులో టిక్ టిక్‌మనే భాగం హబ్‌తోనే కలిసి ఉంటుంది. కొత్తది కొనేముందు మీ సైకిల్‌కి ఉన్నది ఏదో అడిగి తెలుసుకోండి. మరలతో బిగించే ఫ్రీవీల్ ఉన్న గేర్ల సైకిళ్లలో ఇరుసు మీద ఒత్తిడి ఎక్కువ. క్యారియర్ మీద స్నేహితుడిని ఎక్కించుకుని గుంతల్లో తొక్కితే ఇరుసు వంగుతుంది. డబుల్స్ వద్దని పిల్లలకు చెప్పడానికి ఇదొక కారణం.

పిల్లల చేతే చేయించండి

ఈ ఆదివారం ముందు పళ్లు, వెనక పళ్లు పిల్లలనే లెక్కపెట్టమనండి. ముందు 44, వెనక 18 ఉంటే, ఒక్కసారి పెడల్ పూర్తిగా తిప్పితే వెనక చక్రం సుమారు 2.44 సార్లు తిరుగుతుంది. 26 అంగుళాల చక్రమైతే దాదాపు 5 మీటర్లు ముందుకు పోతుంది. వాకిట్లో సుద్దముక్కతో గీత గీసి, టేపుతో కొలిచి చూడమనండి. నిష్పత్తులు, వృత్తపరిధి రెండూ అక్కడే వచ్చేస్తాయి.

తర్వాత నాలుగు పరీక్షలూ వాళ్లకే నేర్పండి. రోజూ ఆ సైకిల్ మీద ఉండేది వాళ్లే. ‘నాన్నా, పెడల్ జారుతోంది’ అని వాళ్లు మీకు చెప్పిన రోజున, ‘తర్వాత చూద్దాంలే’ అనకండి. ఆ సాయంత్రమే షాపుకు తీసుకెళ్లండి.