నీరు తగిలిన జిప్సము కప్పును బాగుచేయు విధము

ఒక వర్షకాలమున మా యింటి ముందరి గది కప్పునందు అరచేయియంత పసుపుపచ్చని మచ్చ కనఁబడెను. మేము దానిపై రంగు పూసి సంతోషించితిమి. కొలఁది దినములకే మచ్చ మరల బయటపడెను. రెండవమారును పూసితిమి. తుదకొక రాత్రి ఆ బోర్డు ముక్క యూడి, పగటివేళ పిల్లలు కూర్చుండి చదువుకొను చాపమీఁదనే పడెను. ఆ సమయమున అచ్చట నెవ్వరును లేరు. మా తప్పు తెలిసినపిదప నేర్చుకొనిన విషయములను ఇందు వ్రాయుచున్నాము.

నేఁడు పట్టణములందు పెక్కు గృహములలో శ్లాబు క్రింద జిప్సము బోర్డులతో ఫాల్స్ సీలింగు కట్టుచున్నారు. జిప్సము మెత్తని ఖనిజము. దాని ముద్దను దళసరి కాగితముల నడుమ గట్టిపఱచి యీ పలకలను చేయుదురు. అమెరికాలో అగస్టీన్ సాకెట్ అను నాతఁడు ఇట్టి పలకకు 1894వ సంవత్సరమున పేటెంటు పొందెను. ఆ దేశమున ఇండ్ల లోపలి గోడలును వీనితోనే కట్టుదురు. జిప్సము బరువులో నూటికి సుమారు 21 పాళ్లు రసాయనికముగా కలిసియున్న నీరే. అందుచే నది నిప్పునకు కొంతవఱకు తాళును. కాని పైనుండి కారు నీటికి తాళదు. కాగితము తడిసి బూజుపట్టును. లోపలి జిప్సము మెత్తబడి, బరువెక్కి, క్రిందికి వ్రేలును.

కావున మొదట ఆ గదికి విద్యుత్తు నాపి, నీరెచ్చటినుండి వచ్చుచున్నదో వెదకవలెను. డాబామీఁది పగులో, స్నానపుగది గొట్టమో, ఏసీ నీటిగొట్టమో కారణమై యుండును. దానిని బాగుచేసినపిదప కిటికీలు తెఱచి, పంకా పెట్టి ఆరనీయవలెను. రెండు దినములకు మించి తడి నిలిచినచో బూజు పుట్టును. ఆరినపిదప వ్రేలితో నొక్కి చూడవలెను. గట్టిగా నున్న భాగమును ఉంచవచ్చును. మెత్తబడినదానిని, వ్రేలినదానిని, బూజుపట్టినదానిని చతురస్రముగా కోసి తీసివేయవలెను.

అంతే మందముగల క్రొత్త ముక్కను లోపలి ఇనుప పట్టీలకు స్క్రూలతో బిగించి, అతుకులమీఁద కాగితపు టేపు నంటించి, జాయింటు పుట్టీ పూయవలెను. అది యారినపిదప మఱికొంత వెడల్పుగా రెండవ పూత పూసి, ఆరినంతట ఉప్పుకాగితముతో రుద్దవలెను. రుద్దునపుడు ముక్కునకు గుడ్డ కట్టుకొనుట మఱవరాదు.

ఇఁక మచ్చ సంగతి. దానిలోని రంగు నీటిలో కరఁగునది. నీటితో కలిపిన ఎమల్షను పూసినచో, ఆ తడికే కరఁగి పైకి వచ్చును. మా రెండు పూతలును ఇందుచేతనే చెడినవి. ముందుగా మచ్చను అణఁచు నూనె ప్రైమరు నొక పూత వేసి, ఆరినపిదప ఎమల్షను రెండు పూతలు వేయవలెను. కప్పంతటికిని వేసినగాని అతుకు కనఁబడకపోదు.

విద్యార్థులారా! మీ యింటిలోఁ గాని, తరగతి గదిలోఁ గాని కప్పున ఇట్టి మచ్చను చూచినయెడల దాని క్రింద కూర్చుండకుఁడు. వెంటనే పెద్దలతో చెప్పుఁడు. తల్లిదండ్రులారా! రంగుడబ్బా తెచ్చుటకు ముందు డాబా యెక్కి చూడుఁడు.