బల్లకు అవతలి చదువు: ఉన్నత విద్యా పాలన, దళితులు

దళితుల ఉన్నత విద్య గురించి మాట్లాడేటప్పుడు మనం ఎక్కువగా రెండు విషయాలే మాట్లాడుతున్నాం. ఒకటి సీటు, రెండోది స్కాలర్‌షిప్. రెండూ కొట్లాడి తెచ్చుకున్నవే, వాటిని తక్కువ చెయ్యడం మా ఉద్దేశం కాదు. అయితే సీట్ల లెక్క కట్టే రిజిస్టరు ఎవరి చేతిలో ఉంది? స్కాలర్‌షిప్ ఫైలు ఇవాళ కదలాలా, వచ్చే నెల కదలాలా అన్నది ఎవరు నిర్ణయిస్తున్నారు? ఈ మూడో ప్రశ్నను మనం పెద్దగా పట్టించుకోలేదు. కాలేజీ ఆఫీసులో బల్లకు ఇవతల నిలబడే హక్కు సంపాదించాం గాని, అవతల కూర్చునే విద్య నేర్చుకోలేదు. ఆ విద్యకు ఒక పేరుంది, ఒక డిగ్రీ కూడా ఉంది. దాన్నే ఉన్నత విద్యా పాలన అంటున్నారు. అది ఏమిటి, మనకెందుకు, ఎట్లా చదవాలి, ఎక్కడ మోసపోకూడదు అన్నవి ఈ వ్యాసంలో చర్చిస్తాం.

మన ప్రాంతంలో చదువు, పెత్తనం

ఏలూరులో సర్ సి.ఆర్.రెడ్డి కళాశాల 1945లో మొదలైంది. ఆ పేరు గల కట్టమంచి రామలింగారెడ్డి 1926లో స్థాపించిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్. గోదావరి జిల్లాల కాలేజీల కోసం 2006లో రాజమండ్రి కేంద్రంగా ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. తాడేపల్లిగూడెం పక్కనే వెంకటరామన్నగూడెంలో 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం, తాడేపల్లిగూడెంలోనే 2015లో నిట్ వచ్చాయి. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం రైల్లో గంట ప్రయాణం. ఈ గంట దూరంలో ఇన్ని సంస్థలున్నాయి. ప్రతి సంస్థలోనూ అడ్మిషన్లు, పరీక్షలు, ఖాతాలు, నియామకాలు, హాస్టళ్లు చూసే విభాగాలున్నాయి. మన పల్లెల నుంచి, పేటల నుంచి వాటిలో చదవడానికి వెళ్లేవాళ్లు పెరిగారు. వాటిని నడపడానికి వెళ్లేవాళ్లు ఎంతమంది అన్నది ఎవరికి వాళ్లు తమ ఊరి కాలేజీ ఆఫీసులోకి తొంగి చూసి చెప్పుకోవచ్చు.

సభ్యత్వం వేరు, నిర్వహణ వేరు అన్నది కొల్లేరు జనానికి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. 1970లలో వడ్డీలకు, ఎస్సీలకు సహకార సంఘాల పేరుతో చేపల చెరువులు తవ్వించి ఇచ్చారు. క్రమంగా వాటిలో చాలా చెరువులు లీజుల పేరుతో పెట్టుబడి ఉన్నవాళ్ల చేతుల్లోకి పోయాయి. సంఘం పుస్తకంలో పేరు మనది, లెక్కల పుస్తకం వాళ్లది. చెరువు మీద కాపలా, మేత, పట్టుబడి కూలి మాత్రం మనకు మిగిలాయి. 1999లో సరస్సును అభయారణ్యంగా ప్రకటించి, 2006లో చెరువుల గట్లు కొట్టేసినప్పుడు కూడా కాగితం చదవగలిగినవాడు ఏదో ఒక దారి వెతుక్కున్నాడు, చదవలేనివాడు రోడ్డున పడ్డాడు. ఉన్నత విద్యలో ఇప్పుడు జరుగుతున్నది దీనికి భిన్నమైనదేమీ కాదు.

ఇది ఏం చదువు?

కాలేజీని, విశ్వవిద్యాలయాన్ని నడిపే పద్ధతిని శాస్త్రంగా చదవడమే ఈ చదువు. నిధులు ఎక్కడ నుంచి వస్తాయి, ఏ పద్దు కింద ఖర్చు పెట్టాలి, చట్టాలేమిటి, పాలక మండలి అధికారాలేమిటి, ప్రవేశాలు, పరీక్షలు, నియామకాలు ఎట్లా జరగాలి, నాక్ గుర్తింపుకు ఏం చూపించాలి, విద్యార్థి ఫిర్యాదు ఇస్తే ఎన్ని మెట్లు ఎక్కాలి వంటివి ఇందులో ఉంటాయి. అమెరికాలో ఉన్నత విద్య మీద మొదటి కోర్సును 1893లో క్లార్క్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ హాల్ బోధించాడు. ఇవాళ అక్కడ దీనికి ప్రత్యేకంగా మాస్టర్స్, డాక్టరేట్ డిగ్రీలున్నాయి. మన దేశంలో ఈ రంగానికి ముఖ్యమైన సంస్థ ఢిల్లీలోని నీపా. యునెస్కో కేంద్రంగా 1962లో మొదలై, 1979లో ఆ పేరు తీసుకుని, 2006లో డీమ్డ్ విశ్వవిద్యాలయం అయింది.

అంబేద్కర్‌ను మనం న్యాయవేత్తగా, ఆర్థికవేత్తగా చెప్పుకుంటాం. ఆయన విద్యా పాలకుడు కూడా అన్నది మరిచిపోతాం. 1935లో బొంబాయి ప్రభుత్వ లా కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి, 1946లో సిద్ధార్థ కాలేజీని, ఆ తర్వాత ఔరంగాబాదులో మరో కాలేజీని నిలబెట్టారు. మనవాళ్లకు చదువు చెప్పించమని ఇతరులను అడగడంతో ఆయన ఆగలేదు, చదువు చెప్పే సంస్థను నడిపి చూపించారు. తర్వాతి తరంలో సుఖదేవ్ థోరట్ 2006 నుంచి 2011 దాకా యూజీసీ ఛైర్మన్‌గా పనిచేశారు. అంటే ఈ దారి మనకు పూర్తిగా కొత్తదేం కాదు. ఆ దారిలో నడిచిన గుంపు మాత్రం చిన్నది.

రోస్టర్ చెప్పే పాఠం

పాలన తెలియకపోతే ఏం పోతుందో ఒక్క ఉదాహరణతో వివరిస్తాం. కేంద్ర సంస్థల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం, ఓబీసీలకు 27 శాతం రిజర్వేషన్ ఉంది. దీన్ని పోస్టుల మీద పరిచే పట్టికే రోస్టర్. అందులో ఓబీసీకి మొదటి పోస్టు 4వ స్థానంలో, ఎస్సీకి 7వ స్థానంలో, ఎస్టీకి 14వ స్థానంలో వస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక విశ్వవిద్యాలయంలో ఒకే స్థాయి అధ్యాపక పోస్టులు 200 ఉన్నాయనుకుందాం. మొత్తం విశ్వవిద్యాలయాన్ని ఒక యూనిట్‌గా తీసుకుంటే ఎస్సీలకు 30 పోస్టులు రావాలి. అదే ఒక్కో శాఖను విడివిడి యూనిట్‌గా తీసుకుని, శాఖకు ఆరేసి పోస్టులుంటే? ఏ శాఖలోనూ 7వ స్థానం ఉండదు. మొదటి నియామకాల్లో ఎస్సీలకు ఒక్క పోస్టూ రాదు. ఎవరైనా రిటైరై రోస్టర్ తిరిగి వచ్చేదాకా ఏళ్ల తరబడి కాచుకోవాలి. రిజర్వేషన్ శాతం మారలేదు, రాజ్యాంగం మారలేదు. మారింది 'యూనిట్' అన్న ఒక్క మాట.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2017లో అలహాబాదు హైకోర్టు శాఖే యూనిట్ అని తీర్పు ఇచ్చింది. 2018 మార్చిలో యూజీసీ ఆ ప్రకారం ఉత్తర్వులు పంపింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పును మార్చలేదు. దేశమంతటా ఆందోళనలు జరిగాక 2019 మార్చిలో ఆర్డినెన్సు, అదే ఏడు చట్టం వచ్చి మళ్లీ సంస్థ మొత్తాన్నీ యూనిట్ చేశాయి. తాడేపల్లిగూడెం నిట్ లాంటి కేంద్ర సంస్థలకు వర్తించేది ఈ చట్టమే. ఆ ఉద్యమంలో ముందు మేలుకున్నది రోస్టర్ పట్టిక చదవగలిగిన కొద్దిమంది అధ్యాపకులే. మిగతావాళ్లకు వాళ్లు బోధపరచవలసి వచ్చింది.

మన రాష్ట్రంలో 2025లో ఎస్సీ వర్గీకరణ ఆర్డినెన్సుతో మూడు గ్రూపులకు 1, 6.5, 7.5 శాతాల చొప్పున 200 పాయింట్ల రోస్టర్ వచ్చింది. వర్గీకరణ మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, ఈ పట్టికను తప్పుగా రాస్తే మాలకూ నష్టమే, మాదిగకూ నష్టమే, రెల్లికి మరీ నష్టం. పట్టిక చదవడం మూడు గ్రూపుల పిల్లలూ నేర్చుకోవాలి.

ఉద్యోగానికి ఈ డిగ్రీ తప్పనిసరా?

కాదు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఈ డిగ్రీ ఉంటే రిజిస్ట్రారు అయిపోతారని చెప్పి ఫీజులు గుంజేవాళ్లున్నారు. యూజీసీ నిబంధనల ప్రకారం అసిస్టెంట్ రిజిస్ట్రారు పోస్టుకు 55 శాతం మార్కులతో ఏదైనా మాస్టర్స్ డిగ్రీ చాలు. ఎస్సీ, ఎస్టీలకు మార్కుల్లో 5 శాతం సడలింపు ఉంది. డిప్యూటీ రిజిస్ట్రారుకు అసిస్టెంట్ రిజిస్ట్రారుగా అయిదేళ్ల అనుభవం గాని, పాలనా అనుభవంతో కూడిన తొమ్మిదేళ్ల బోధనానుభవం గాని కావాలి. రిజిస్ట్రారుకు పదిహేనేళ్ల అనుభవం అడుగుతారు.

మరి ఎందుకు చదవాలి? మా సమాధానం ఇది. అగ్రకుల కుటుంబాల్లో ఈ విద్య బడిలో నేర్చుకునేది కాదు. కాలేజీ కమిటీలో బాబాయి, ఆఫీసులో మేనమామ ఉంటే సెనేటు అంటే ఏమిటో, ఖర్చు పత్రం ఎట్లా రాస్తారో అన్నం తింటూ వింటారు. మన ఇళ్లల్లో ఆ కబుర్లు లేవు. మొదటి తరం చదువుకున్నవాడికి ఇంట్లో దొరకనిది పాఠ్యపుస్తకంలో దొరకాలి. అందుకే ఈ డిగ్రీ ఉద్యోగానికి తాళంచెవి కాకపోయినా, ఉద్యోగంలో కూర్చున్నాక మనల్ని కీలుబొమ్మ కాకుండా కాపాడే ఆయుధం. ఉద్యోగంలో లేని కార్యకర్తకు కూడా అది పనికొస్తుంది. సమాచార హక్కు కింద 'మా సంగతి చెప్పండి' అని అడగడం వేరు, 'నియామక రోస్టర్ రిజిస్టరు నకలు ఇవ్వండి' అని అడగడం వేరు. రెండోదానికి తప్పించుకునే జవాబు రాయడం అంత తేలిక కాదు.

ఎక్కడ చదవాలి?

ఇంట్లో ఉండి చదవదలచినవాళ్లకు దగ్గర దారి ఇగ్నో. దాని ఎం.ఏ. ఎడ్యుకేషన్‌లో మొదటి ఏడు సాధారణ విషయాలు, రెండో ఏడు ప్రత్యేకాంశం. ఉన్నత విద్య, విద్యా నిర్వహణ ఆ ప్రత్యేకాంశాల్లో ఉన్నాయి. ఏదైనా డిగ్రీ ఉన్నవాళ్లు చేరవచ్చు. కనీసం రెండేళ్లు, గరిష్ఠం నాలుగేళ్లు గడువు. విజయవాడలో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఏ ఏడు ఏ కోర్సులో చేర్చుకుంటున్నారో ఆ ఏటి ప్రాస్పెక్టస్‌లో చూసుకోవాలి. పరిశోధన చెయ్యదలచినవాళ్లకు నీపాలో పీహెచ్.డి. ఉంది.

విదేశాలకు వెళ్లదలిస్తే కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. దేశం మొత్తానికి ఏటా 125 మందికే ఇస్తారు. కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపు, వయసు 35 లోపు ఉండాలి. 2022లో దీని నిబంధనలు మార్చి భారతీయ సంస్కృతి, చరిత్ర, సమాజం మీద చేసే చదువులను మినహాయించారు. అంటే మన కులాన్ని గురించి మనం విదేశంలో పరిశోధన చేస్తామంటే డబ్బు ఇవ్వరన్నమాట! ఇది కూడా ఒక పాలనా నిర్ణయమే. ఒక సర్క్యులరులో ఒక్క పేరాతో జరిగిపోయింది.

దూరవిద్య, ఆన్‌లైన్: దారీ ఉంది, గోతులూ ఉన్నాయి

దూరవిద్య మన తెలుగునేలకు కొత్త కాదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో పుట్టింది. 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. దాని తొలి వైస్ ఛాన్సలర్ జి.రాంరెడ్డి 1985లో ఇగ్నోకు కూడా తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు.

కొల్లేటి లంకల వాళ్లకు దూరవిద్య అవసరం ఏమిటో వానాకాలంలో చూస్తే తెలుస్తుంది. బుడమేరు, తమ్మిలేరు పొంగితే రోడ్లు మునుగుతాయి. 2024 సెప్టెంబరు వరదల్లో అదే జరిగింది. పగలు చెరువు మీద పని, రాత్రి చదువు అనుకునేవాడికి, పెళ్లై పిల్లలున్న ఆడవాళ్లకు రెగ్యులర్ కాలేజీ అందదు. దానికితోడు మన రాష్ట్రంలో 2020 డిసెంబరులో ఇచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసేసింది. విద్యార్థి సంఘాలు దాని మీద ఏళ్ల తరబడి కొట్లాడాయి. ఈ పరిస్థితుల్లో దూరవిద్యకు వెళ్లేవాళ్లలో చాలామంది ఇష్టపడి కాదు, గత్యంతరం లేక వెళుతున్నారు. అందుకే జాగ్రత్త మరింత కావాలి.

ఒకటి, గుర్తింపు. యూజీసీ 2020 నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమని 2022లో స్పష్టం చేశారు. అయితే ఆ గుర్తింపు విశ్వవిద్యాలయం మొత్తానికి కాదు, కోర్సు కోర్సుకూ విడిగా ఇస్తారు. యూజీసీ దూరవిద్యా మండలి జాబితాలో కోర్సు పేరు, ఆ విద్యా సంవత్సరం రెండూ కనబడాలి.

రెండు, ఆన్‌లైన్ పీహెచ్.డి. విదేశీ సంస్థలతో కలిసి ఎడ్‌టెక్ కంపెనీలు అమ్మే ఆన్‌లైన్ పీహెచ్.డి.లు చెల్లవని యూజీసీ 2022లోనే హెచ్చరించింది. విదేశీ మాస్టర్స్ అయినా ఇక్కడి ఉద్యోగానికి పనికిరావాలంటే సమానతా పత్రం కావాలి. అది వస్తుందా అన్నది డబ్బు కట్టకముందే తేల్చుకోవాలి, కట్టాక కాదు.

మూడు, పాత అనుభవం. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీలను 2017లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. సంస్థలు చేసిన తప్పుకు డిగ్రీలు పోగొట్టుకున్నది విద్యార్థులు.

నాలుగు, భాష. ఇగ్నో ఎం.ఏ. ఎడ్యుకేషన్ ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంది. తెలుగు మీడియంలో చదివిన మన పిల్లలు ఒంటరిగా కూర్చుంటే మొదటి పుస్తకం దగ్గరే ఆగిపోతారు. దూరవిద్యలో అసలు శత్రువు దూరం కాదు, ఒంటరితనం.

అభ్యంతరం ఒకటి

'ఉద్యమం చెయ్యాల్సినవాళ్లను గుమాస్తాలను చేస్తారా' అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. పదవిలోకి వెళ్లి పేట వైపు తిరిగి చూడనివాళ్లు మనలో ఉన్నారు. కాని ఉద్యమం సాధించిన ప్రతి హక్కూ చివరికి ఎవరో ఒకరి బల్ల మీద కాగితంగానే అమలవుతుంది. 1942లో అంబేద్కర్ అడగగా 1944లో మొదలైన ఎస్సీ స్కాలర్‌షిప్ ఇవాళ్టికీ ఒక వెరిఫికేషన్ సంతకం కోసం ఆగుతున్నది. 2012లో యూజీసీ వివక్ష నిరోధానికి నిబంధనలు తెచ్చి, సమాన అవకాశాల సెల్, వివక్ష నిరోధక అధికారి ఉండాలన్నది. ఆ తర్వాత నాలుగేళ్లకు, 2016 జనవరి 17న, ఆగిపోయిన ఫెలోషిప్ డబ్బు గురించి ఉత్తరంలో రాసి రోహిత్ వేముల వెళ్లిపోయాడు. నిబంధన పుస్తకంలో ఉండటం చాలదు. దాన్ని తెరిచి చదివే మనిషి ఆఫీసులో ఉండాలి, చదవమని నిలదీసే మనిషి బయట ఉండాలి. ఇద్దరికీ ఒకే చదువు కావాలి.

చెయ్యాల్సిన పని

ఏలూరులో, తాడేపల్లిగూడెంలో, కైకలూరులో అంబేద్కర్ భవనాలు, చర్చి హాళ్లు, హాస్టళ్లు ఉన్నాయి. అక్కడ ఆదివారం పూట నలుగురైదుగురు కలిసి ఈ కోర్సు చదివే బృందాలు ఏర్పడాలి. ఇంగ్లీషు వచ్చిన ఉపాధ్యాయులు వాళ్లకు పాఠాన్ని తెలుగులో విప్పి చెప్పాలి. రిటైరైన మన సూపరింటెండెంట్లు, ప్రిన్సిపాళ్లు వచ్చి ఫైలు ఎట్లా నడుస్తుందో చూపించాలి. ఒక్కో బృందం తన ఊరి కాలేజీ రోస్టర్‌ను, స్కాలర్‌షిప్ బకాయిలను పాఠంగా తీసుకోవాలి. డిగ్రీ చేతికి వచ్చేలోగా ఆ కాలేజీ లెక్క బయటికి వస్తుంది.

చెరువు మన పేరున ఉండి లెక్క వేరేవాడి చేతిలో ఉంటే ఏమవుతుందో కొల్లేరు ఒకసారి చూసింది. కాలేజీల విషయంలో రెండోసారి చూడాల్సిన అవసరం లేదు.